గార్మెంట్స్‌లో దురద: ట్యూబు కొనే ముందు చేయాల్సిన పనులు

హిందూపురం చుట్టుపక్కల గార్మెంట్ ఫ్యాక్టరీల క్లినిక్కుల్లో నర్సుగా పని చేస్తున్నాను. లేపాక్షి, చిలమత్తూరు, పరిగి, మడకశిర వైపు నుంచి కంపెనీ బస్సుల్లో వచ్చే ఆడవాళ్లే మా దగ్గర ఎక్కువ. తలనొప్పి, నెలసరి నొప్పి, సూది దిగిన వేలు, వీటి తర్వాత నా టేబుల్ ముందుకు ఎక్కువగా వచ్చేది దురదే. వచ్చేసరికే చాలామంది వంకాయ, గోంగూర మానేసి ఉంటారు. మందుల షాపులో అడిగి తెచ్చుకున్న ట్యూబు సగం అయిపోయి ఉంటుంది. ‘ఒంట్లో వేడి చేసింది’ అని పక్కింటి పెద్దమ్మ తేల్చేసి ఉంటుంది. నేను మాత్రం ఏం తిన్నావని అడగను. ఏ సెక్షన్, బట్టను ఏ చేత్తో పట్టుకుంటావు, కత్తెర ఏ వేళ్లతో ఆడిస్తావు అని అడుగుతాను. పాపం వంకాయ నోరులేనిది కాబట్టి నింద మోస్తుంది. పనిచోట వచ్చే చర్మపు అలర్జీకి దానితో సంబంధం లేదు.

చర్మానికి ఏది తగిలిందో కనిపెట్టకుండా ఎంత మంచి మందు రాసినా దురద మళ్లీ వస్తుంది. కనిపెట్టడం ఎలాగో, ఆ తర్వాత ఏం చేయాలో నాకు తెలిసినంత చెబుతాను.

ముందు ఒక తేడా తెలియాలి

పనిచోట చర్మం రెండు విధాలుగా పాడవుతుంది. మొదటిది రాపిడి, రసాయనం వల్ల చర్మం నేరుగా దెబ్బతినడం. థిన్నర్, బ్లీచింగ్, ఘాటైన సబ్బు ఎవరి చేతినైనా ఇలా పాడుచేస్తాయి. తగిలిన చోటే మండుతుంది, పొడిబారి పగులుతుంది. ఎంత ఎక్కువ తగిలితే అంత దెబ్బ.

రెండోది అసలైన అలర్జీ. ఇది అందరికీ రాదు. ఒంట్లోని రక్షణ వ్యవస్థ ఏదో ఒక పదార్థాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుంటుంది. ఆ తర్వాత అది కొంచెం తగిలినా చాలు, దద్దు, చిన్న నీటి పొక్కులు, విపరీతమైన దురద వస్తాయి. తగిలిన వెంటనే కాదు, సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజుల తర్వాత. సోమవారం పట్టుకున్న బట్ట బుధవారం బయటపడుతుంది. అందుకే చాలామంది బుధవారం చేతిలో ఉన్న బట్టను తిట్టుకుంటారు, అసలు దోషి అప్పటికే ప్యాకింగ్ దాటి వెళ్లిపోయి ఉంటుంది.

‘అయిదేళ్లుగా ఇదే పని చేస్తున్నాను మేడమ్, ఇప్పుడెందుకు వస్తుంది?’ అని దాదాపు ప్రతి ఒక్కరూ అడుగుతారు. అలర్జీ నెలల తర్వాత రావచ్చు, ఏళ్ల తర్వాతా రావచ్చు. ఒకసారి వచ్చాక ఆ పదార్థం విషయంలో మామూలుగా జీవితాంతం ఉంటుంది. అందుకే ఆ పదార్థం పేరు తెలుసుకోవడం అంత ముఖ్యం.

రబ్బరు గ్లవుజులు తొడగగానే నిమిషాల్లో ఒళ్లంతా దద్దుర్లు లేచి, పెదవులు, ముఖం వాచి, ఊపిరి ఆడకపోతే మాత్రం అది పూర్తిగా వేరే సంగతి. క్లినిక్కు, గేట్‌పాస్, సూపర్‌వైజర్ సంతకం ఏదీ చూడకుండా 108కి ఫోన్ చేయాలి.

ఒంటి మీద ఎక్కడ వచ్చిందో చూడండి

సగం సమాధానం ఇక్కడే దొరుకుతుంది. మంచి వెలుతురులో నిలబడి రెండు చేతులూ పక్కపక్కన పెట్టి చూసుకోండి.

కుడి బొటనవేలు, చూపుడువేలు లోపలివైపు మాత్రమే పగిలి దురద పెడుతుంటే కత్తెరనో, దారాలు తెంపే ట్రిమ్మర్‌నో అనుమానించాలి. వాటిలోని నికెల్ చెమటకు కరిగి చర్మంలోకి దిగుతుంది. ఇలాంటివాళ్లను నేను వెంటనే అడిగేది, ‘రోల్డ్‌గోల్డ్ కమ్మలు పెట్టుకుంటే చెవులు రసి కారతాయా?’ అని. కారతాయంటే నికెల్ మీద అనుమానం బలపడుతుంది. ప్యాంటు బటన్ తగిలే బొడ్డు కింద, వాచీ వెనక మూత తగిలే మణికట్టు మీద ఎప్పుడైనా మచ్చ వచ్చిందా అన్నది కూడా గుర్తు చేసుకోండి. కత్తెరలో నికెల్ ఉందో లేదో చూడడానికి డైమిథైల్‌గ్లయాక్సిమ్ అనే రసాయనంతో చేసే చిన్న పరీక్ష ఉంది. దూదికి అద్ది లోహాన్ని రుద్దితే, నికెల్ విడుదల అవుతున్నప్పుడు దూది గులాబీ రంగుకు తిరుగుతుంది. ఫ్యాక్టరీ భద్రతాధికారి ఆ కిట్ ఒకటి తెప్పించడం పెద్ద ఖర్చేమీ కాదు.

ఎడమ అరచేయి, ఎడమ వేళ్లు, ముంజేతుల కింది భాగం, తొడల పైభాగం, ఇవన్నీ కలిసి వస్తే అది టైలర్ ఒళ్లు. ఎడమ చెయ్యి బట్టను నడిపిస్తుంది, ముంజేతులు టేబుల్ మీది గుడ్డపై ఆనుతాయి, బండిల్ ఒడిలోకి జారుతుంది. ఇక్కడ అనుమానం బట్ట మీదికి, దాని రంగు మీదికి, దానికి పట్టించిన రసాయనం మీదికి వెళ్తుంది.

కనురెప్పలు, మెడ, ముఖం వాచాయంటే గాలిలోంచి వచ్చింది తగిలింది. ఇస్త్రీ సెక్షన్ వాళ్లలో ఇది చూస్తుంటాను. కనురెప్ప చర్మం చాలా పలుచన, అందుకే చేతులకంటే ముందే అది చెబుతుంది. చేతులతో కళ్లు నులుముకున్నా రెప్పలు వాస్తాయి కాబట్టి ఆ అలవాటు ఉందేమో కూడా చూసుకోండి.

మణికట్టు దగ్గర గీత గీసినట్టు దద్దు ఆగిపోతే గ్లవుజు పని. రబ్బరు గట్టిగా, సాగేలా తయారవడానికి కలిపే థయురామ్, కార్బమేట్ వంటి రసాయనాలు దీనికి కారణం. ఎలాస్టిక్ కుట్టే మెషీన్ మీద పనిచేసేవాళ్ల వేళ్లకూ ఇవే తగులుతాయి.

మగవాళ్ల సంగతి ఒకటి. మెషీన్ మెకానిక్కులకు ఒక పక్క తొడ మీద మొటిమల్లాంటి పొక్కులు లేస్తాయి. నూనె తుడిచిన గుడ్డను ప్యాంటు జేబులో పెట్టుకుంటారు, ఆ నూనె గుడ్డలోంచి ప్యాంటులోకి, ప్యాంటులోంచి రోమకూపాల్లోకి దిగుతుంది. గుడ్డను జేబులో కాకుండా టూల్‌బాక్సులో పెట్టమని చెబితే చాలామందికి అంతటితో తగ్గుతుంది.

అలర్జీ కానివి

దీన్ని దాటవేయకండి, ఎందుకంటే మందు పూర్తిగా మారిపోతుంది. వేళ్ల సందుల్లో, నడుము చుట్టూ, మణికట్టు ముడతల్లో దురద మొదలై రాత్రి పడుకోగానే పెరుగుతుంటే, ఇంట్లో పిల్లలు కూడా గోక్కుంటుంటే అది గజ్జి. హాస్టల్‌లో ఒకే చాప, ఒకే దుప్పటి పంచుకునేవాళ్లలో ఒకరికి వస్తే గదంతా వస్తుంది, గదంతా ఒకే రోజు మందు వాడాలి. గుండ్రంగా వ్యాపిస్తూ అంచు ఎర్రగా, నడుమ మానినట్టు కనిపిస్తే తామర. వేసవిలో ఇస్త్రీ టేబుళ్ల దగ్గర వీపు నిండా సన్నగా లేచేవి చాలావరకు చెమటకాయలే.

మా ప్రాంతానికి ఇంకొకటి ఉంది. వయ్యారిభామ మొక్క. వానలు పడితే చేల గట్ల మీద, బస్సు ఆగే రోడ్డు పక్కన తెల్లటి పూలతో మోకాలెత్తు పెరిగిపోతుంది. దాని పుప్పొడి, ఎండిన ఆకుల పొడి గాలిలో తేలి ముఖం, మెడ, మోచేతి మడతల్లో తీవ్రమైన అలర్జీ తెస్తాయి. ఆదివారం చేనికి వెళ్లి కలుపు తీసి, సోమవారం డ్యూటీకి వచ్చి, మంగళవారం ముఖం వాచి, బుధవారం ఫ్యాక్టరీ బట్టను నిందించేవాళ్లు ఉన్నారు. కాబట్టి సెలవు రోజు ఏం చేశారో కూడా లెక్కలోకి రావాలి. స్టిక్కర్ బొట్టు జిగురు, జుట్టుకు వేసే నల్లరంగు, పెళ్లిళ్లలో పెట్టే నల్ల గోరింటాకు కోను కూడా ఈ జాబితాలోవే. జుట్టు రంగులోని పీపీడీ అనే పదార్థం పడనివాళ్లలో కొందరికి బట్టల రంగులు కూడా పడవు. అందుకే తలకు రంగు వేస్తే మండుతుందా అని అడిగితే నవ్వకుండా జవాబు చెప్పండి.

చిన్న పుస్తకం, పెద్ద సెలవు

అర్ధరూపాయి ఖర్చు లేని పరీక్ష ఒకటి చెబుతాను. దురద మొదలైన రోజు నుంచి ఒక చిన్న పుస్తకంలో తేదీ, ఏ భాగంలో వచ్చింది, ఆ రోజు, అంతకు ముందు మూడు రోజులు ఏ బట్ట మీద పని చేశారో రాయండి. బట్ట పేరు తెలియనక్కరలేదు. బండిల్ టికెట్ మీద స్టైల్ నంబరు ఉంటుంది, అది చాలు. రంగు కూడా రాయండి. ఫ్లోర్ మీదికి ఫోన్ రానివ్వరు కాబట్టి ఫొటో తీయడం కుదరకపోతే, క్లినిక్కుకు వచ్చి రిజిస్టర్‌లో రాయించుకోండి. ఇది మొహమాటపడే విషయం కాదు. రేపు ఈఎస్‌ఐలో (కార్మికుల ఆరోగ్య బీమా) అడిగితే ఆ రిజిస్టర్ పేజీయే మీ సాక్షి.

సంక్రాంతికో దసరాకో ఊరికి వెళ్లినప్పుడు తగ్గిందా, తిరిగి లైన్‌లో కూర్చున్న రెండో మూడో రోజున మళ్లీ మొదలైందా అన్నది గమనించండి. ఒక్క ఆదివారం చూసి తేల్చకూడదు. ముదిరిన అలర్జీ దద్దు తగ్గడానికి రెండు మూడు వారాలు పడుతుంది, కాబట్టి ఒక్కరోజులో తగ్గలేదని ఫ్యాక్టరీ కారణం కాదని తేల్చేయడమూ తప్పే.

సూపర్‌వైజర్లకు ఒక మాట. ఒకే లైన్‌లో, ఒకే స్టైల్ మీద ముగ్గురికి ఒకే వారంలో చేతులు ఎర్రబడితే అది ఆ ముగ్గురి ఒంటి తత్వం కాదు. ఆ బట్టనో, ఆ వారం కొత్తగా వచ్చిన రసాయనాన్నో చూడాలి.

ఇస్త్రీ, ఫినిషింగ్: ఎక్కువ జాగ్రత్త ఇక్కడే

ముడతలు పడని చొక్కాలు, ప్యాంట్లు అని అమ్మే రకాలకు మిల్లులోనే ఒక రెజిన్ (బంక లాంటి రసాయనం) పట్టిస్తారు. ఆ రెజిన్‌ల తయారీలో ఫార్మాల్డిహైడ్ అనే ఘాటైన వాయువు వాడతారు. వేడి, తేమ రెండూ కలిసినప్పుడు అందులో కొంత విడుదలవుతుంది. ఆవిరి ఇస్త్రీ పెట్టె చేసేది సరిగ్గా అదే, వేడినీ తేమనూ కలిపి బట్టలోకి కొట్టడం. కొత్త రోల్ విప్పగానే ముక్కులో గుచ్చుకునే ఘాటు, కళ్లలో నీళ్లు వస్తున్నాయంటే దీన్ని అనుమానించాలి.

యూరప్ నియమాల ప్రకారం ఒంటికి తగిలే బట్టల్లో ఫార్మాల్డిహైడ్ కిలోకు 75 మిల్లీగ్రాములు మించకూడదు. జపాన్‌లోనూ పెద్దల లోపలి దుస్తులకు అంతే హద్దు, రెండేళ్లలోపు పిల్లల బట్టల్లో అసలు కనిపించకూడదు. ఈ హద్దులు వేసుకునేవాళ్ల కోసం పెట్టినవి. వాళ్లు రోజుకు ఒక చొక్కా వేసుకుంటారు, అది కూడా చాలామంది ఉతికి. ఇస్త్రీ టేబుల్ దగ్గర నిలబడ్డ మనిషి రోజంతా ఉతకని చొక్కాలను వందల లెక్కన వేడి చేస్తూ ఆ ఆవిరి పీలుస్తుంది. అయినా ఈ హద్దుల వల్ల మనకూ ఒక లాభం ఉంది. విదేశీ కొనుగోలుదారు సాధారణంగా బట్టకు పరీక్ష రిపోర్టు అడుగుతాడు కాబట్టి ఆ కాగితం కొనుగోలుదారులతో వ్యవహరించే మర్చండైజింగ్ విభాగంలో ఎక్కడో ఉంటుంది. భద్రతాధికారి అడిగితే ఇవ్వకుండా ఉండలేరు. మీరు భద్రతా కమిటీలో సభ్యురాలైతే, స్టైల్ నంబరు చెప్పి ఆ రిపోర్టులో ఫార్మాల్డిహైడ్ ఎంతని అడగండి.

చేయాల్సినవి: ఘాటుగా ఉన్న రోల్స్‌ను కట్ చేసే ముందు గాలి ఆడే చోట విప్పి ఉంచమనాలి. ఇస్త్రీ టేబుళ్ల పైన ఎగ్జాస్ట్ ఫ్యాన్ గాలిని బయటికి లాగుతోందో, లోపలే తిప్పుతోందో చూడాలి. పలుచని కాగితం ముక్క దాని దగ్గర పెడితే తెలిసిపోతుంది, కాగితం ఫ్యాన్ వైపు వంగాలి. నిలబడే గోడ ఫ్యాన్ ఆవిరిని మీ ముఖం మీదినుంచి తోలేలా కాకుండా, మీ వీపు వైపు నుంచి టేబుల్ మీదుగా ఎగ్జాస్ట్ వైపు తోలేలా పెట్టించుకోండి. గుడ్డ మాస్కు దుమ్మును కొంత ఆపుతుంది కానీ ఈ వాయువును ఆపదు, దాన్ని నమ్ముకోకండి.

మిగిలిన సెక్షన్లు

పాలియెస్టర్ లైనింగ్ కుట్టే లైన్‌లో ముదురు నీలం, నలుపు రంగులతో జాగ్రత్త. పాలియెస్టర్‌కు వేసే డిస్పర్స్ రంగుల్లో కొన్ని, ముఖ్యంగా నీలం 106, నీలం 124 అనేవి, బట్టల అలర్జీల్లో పేరుమోసినవి. చెమటకు, రాపిడికి రంగు బట్టను వదిలి చర్మానికి అంటుకుంటుంది. తెల్లటి నూలుగుడ్డ తడిపి ఆ లైనింగ్‌ను గట్టిగా రుద్ది చూడండి. రంగు దిగితే ఆ సంగతి పుస్తకంలో రాసి సూపర్‌వైజర్‌కు చూపండి. ఇది అలర్జీకి రుజువు కాదు కానీ మాట్లాడడానికి ఆధారం. ఆ లైన్‌లో పొడుగు చేతుల నూలు జాకెట్టో, మీ పాత కాటన్ చున్నీని ఒడిలో పరుచుకోవడమో ఉపయోగపడుతుంది. ఆ చున్నీని మాత్రం రోజూ ఉతకాలి.

కటింగ్‌లో బ్యాండ్ నైఫ్ మీద పనిచేసేవాళ్లు స్టీలు వల గ్లవుజు కింద దురద అని తీసేస్తారు. దయచేసి తీయకండి. దద్దుకు మందు ఉంది, తెగిన వేలికి లేదు. కింద పలుచని నూలు గ్లవుజు తొడుక్కుని, భోజనం వేళ దాన్ని మార్చుకోండి. అదే సమయంలో కుట్టు మెషీన్, బటన్ మెషీన్ దగ్గర వదులు గ్లవుజు ఎప్పుడూ వద్దు, సూది దాన్ని లోపలికి లాక్కుంటుంది.

స్పాటింగ్ గదిలో మరకలు తీసే ద్రవం చర్మంలోని సహజమైన నూనెను లాగేస్తుంది. చెయ్యి తెల్లబారి, ముడతలు పడి, తర్వాత పగులుతుంది. ఆ డబ్బాతో పాటు భద్రతా వివరాల పత్రం రావాలి, ఏ రకం గ్లవుజు వాడాలో అందులో రాసి ఉంటుంది. ఇది ఎందుకు చూడాలంటే, అన్ని గ్లవుజులూ అన్ని ద్రవాలనూ ఆపవు. నైట్రైల్ గ్లవుజు నూనెలకు బాగా పనికొస్తుంది, అసిటోన్‌కు నిలవదు. ద్రవం గ్లవుజు లోపలికి దిగితే ఒట్టి చేతులకంటే ఎక్కువ నష్టం, ఎందుకంటే అది ఆరిపోయే దారి లేక అక్కడే నానుతుంది.

బళ్లారి వైపు జీన్స్ వాషింగ్ యూనిట్లకు వెళ్లే మనవాళ్లకు పర్మాంగనేట్ స్ప్రే, బ్లీచింగ్ తగులుతాయి. అవి ఎవరి చర్మాన్నైనా కాల్చేవే, పొడవాటి గ్లవుజు, కళ్లద్దాలు లేకుండా ఆ గన్ పట్టుకోవద్దు.

షిఫ్టు అయ్యాక ఎయిర్ గన్‌తో ఒళ్లు దులుపుకునే అలవాటు అన్ని ఫ్లోర్లలోనూ చూశాను. గాలి ఒత్తిడికి నూగు చర్మం మీద గీరుకుంటుంది, కంట్లో పడుతుంది, పక్కవాళ్ల ముఖానికి వెళ్తుంది. బ్రష్‌తోనో తడిగుడ్డతోనో తుడుచుకోండి.

చేతులు కడగడం, కాపాడుకోవడం

అంటిన జిగురు, మెషీన్ నూనె పోవాలని థిన్నర్‌తో చేతులు కడగడం మానండి. కొంచెం కొబ్బరినూనె పోసి రుద్దితే జిడ్డు జారుతుంది, తర్వాత మామూలు స్నానం సబ్బు చాలు. బట్టల సబ్బు, పాత్రలు తోమే పొడి చేతులకు వాడే వస్తువులు కావు. వేళ్ల సందులు తుడుచుకుని, తడి ఆరకముందే వాజ్‌లైన్ గానీ కొబ్బరినూనె గానీ పలుచగా రాయండి. ‘బట్టకు జిడ్డు మరక అవుతుంది’ అని సూపర్‌వైజర్ అంటారు, ఆ మాట నిజమే. అందుకే పనిలో కాకుండా భోజనానికి ముందు కడుక్కున్నప్పుడు కొద్దిగా, ఇంటికి వెళ్లే ముందు ఎక్కువగా, రాత్రి పడుకునేటప్పుడు దట్టంగా రాసి పాత నూలు గ్లవుజు తొడుక్కోండి. ఉంగరాలు పనిలోకి తీసేసి రావడం మంచిది, వాటి కింద సబ్బు, దుమ్ము చేరి అక్కడే మొదలవుతుంది.

కొత్త యూనిఫాం ఇచ్చిన రోజే వేసుకోకండి, ఒకసారి ఉతికితే అదనపు రంగు, కొంత రసాయనం పోతాయి. పని బట్టలను పిల్లల బట్టలతో కలిపి నానబెట్టకండి.

ట్యూబుల సంగతి

మందుల షాపులో ‘దురదకు’ అని అడిగితే ఇచ్చే ట్యూబుల్లో చాలావాటిలో మూడు నాలుగు మందులు కలిపి ఉంటాయి. బలమైన స్టీరాయిడ్, తామర మందు, సూక్ష్మజీవుల మందు అన్నీ ఒకే దాంట్లో. రెండు రోజుల్లో దురద తగ్గుతుంది, అందుకే అందరికీ ఇష్టం. తామర ఉన్నచోట రాస్తే పైకి తగ్గినట్టు కనిపించి లోపల పాకుతుంది, ఆకారం మారిపోయి డాక్టరుకే గుర్తుపట్టడం కష్టమవుతుంది. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి చారలు పడతాయి, ముఖం మీద రాస్తే ఎర్రదనం, మొటిమలు. 2018లో కేంద్రం చాలా స్టీరాయిడ్ పూతమందులను డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడని జాబితాలో చేర్చింది. అయినా కౌంటర్ మీద ఎలా అమ్ముతున్నారో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ‘నియోమైసిన్’ అని రాసి ఉన్న పూతమందు ఇంకో తలనొప్పి, దానికే అలర్జీ వచ్చేవాళ్లు ఉన్నారు.

డాక్టరును కలిసేలోపు నీరు కారే పుండు మీద శుభ్రమైన గుడ్డను చల్లని మంచినీళ్లలో తడిపి పది పదిహేను నిమిషాలు వేయండి, రోజుకు రెండు మూడుసార్లు. పొడిగా పగిలినచోట వాజ్‌లైన్. పసుపు, వేపాకు ముద్ద, యాంటిసెప్టిక్ ద్రావణం దెబ్బతిన్న చర్మం మీద వద్దు. నిమ్మరసం రాసి ఎండలోకి వెళ్తే చర్మం కాలినట్టు నల్లబడుతుంది.

డాక్టర్ స్టీరాయిడ్ రాస్తే భయపడి మానేయడమూ తప్పే. చూపుడువేలి చివరి గణుపు పొడవున ట్యూబులోంచి పిండితే వచ్చేది రెండు అరచేతులంత చోటుకు సరిపోతుంది. చెప్పిన రోజులు వాడి, చెప్పిన రోజున ఆపండి. చేతికి రాసిచ్చింది కనురెప్పకు రాయకండి. అవిల్ లాంటి పాత రకం దురద మాత్రలు మత్తు తెస్తాయి. వేసుకుంటే రాత్రి పడుకునే ముందే, పొద్దున వేసుకుని మెషీన్ ఎక్కవద్దు.

పదార్థం పేరు తేల్చే పరీక్ష

దీన్ని ప్యాచ్ టెస్ట్ అంటారు. రక్తపరీక్ష కాదు, సూది గుచ్చరు. అనుమానమున్న పదార్థాలను చిన్న చిన్న గిన్నెల్లాంటి వాటిలో పెట్టి వీపు పైభాగాన పట్టీతో అతికిస్తారు. రెండు రోజుల తర్వాత తీసి చూస్తారు, ఇంకో రోజో రెండు రోజులో ఆగి మళ్లీ చూస్తారు. రెండోసారి చూడడం చాలా ముఖ్యం, కొన్ని ఆలస్యంగా తేలతాయి. అందుకే సోమ, బుధ, శుక్ర వారాలు కుదుర్చుకుంటే సెలవు అడగడం తేలిక. ఆ రోజుల్లో వీపు తడపకూడదు, చెమట పట్టే పని చేయకూడదు. కాబట్టి మే నెల కంటే చలికాలం నయం. స్టీరాయిడ్ మాత్రలు వాడుతుంటే, వీపుకు ఏమైనా రాస్తుంటే ముందే చెప్పాలి.

మన దేశంలో వాడే ప్రామాణిక వరుసలో నికెల్, క్రోమియం, ఫార్మాల్డిహైడ్, పీపీడీ, రబ్బరు రసాయనాలతో పాటు వయ్యారిభామ కూడా ఉంటుంది. పాలియెస్టర్ డిస్పర్స్ రంగులు మాత్రం సాధారణంగా అందులో ఉండవు, వాటికి బట్టల పదార్థాల వరుస వేరే ఉంది. అందుకే ‘గార్మెంట్స్‌లో పని చేస్తాను’ అని డాక్టరుతో ముందే చెప్పండి, పుస్తకం చూపండి, అనుమానమున్న బట్ట ముక్క, గ్లవుజు ముక్క కవర్లో పెట్టి తీసుకెళ్లండి. స్పాటింగ్ ద్రవం సీసాలో పట్టుకెళ్లి వీపుకు పెట్టమనకండి, అది చర్మాన్ని కాలుస్తుంది. దాని భద్రతా పత్రం జిరాక్స్ చాలు. వైద్య కళాశాల ఆసుపత్రుల చర్మ విభాగంలో ఈ పరీక్ష గురించి అడగండి, అక్కడికి మీ ఈఎస్‌ఐ డిస్పెన్సరీ నుంచి చీటీ రాయించుకోవచ్చు.

కాగితాలు

జీతం నెలకు 21,000 రూపాయల లోపు ఉంటే ఈఎస్‌ఐ కింద ఉన్నట్టే. మీ జీతంలో 0.75 శాతం అందుకే కోస్తున్నారు, యాజమాన్యం 3.25 శాతం కడుతోంది. డాక్టర్ సెలవు రాస్తే, ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజుల చందా ఉన్నవాళ్లకు ఏడాదికి 91 రోజుల వరకు వేతనంలో 70 శాతం వస్తుంది. పనివల్ల వచ్చిన వ్యాధిగా ఒప్పుకుంటే తాత్కాలిక అశక్తత కింద 90 శాతం వస్తుంది, దానికి చందా రోజుల షరతు లేదు. ఈ రెండింటి మధ్య తేడా చిన్నది కాదు, కాబట్టి చీటీలో ‘దురద’ అని మాత్రమే కాకుండా పనికి సంబంధించినదని రాయమని అడగండి. రసాయనాలు తగిలి వచ్చే చర్మవ్యాధి 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలులో ఉంది, దాని స్థానంలో తెచ్చిన 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్ జాబితాలోనూ ఉంది. అంటే అలాంటి రోగిని చూసిన వైద్యుడు ఫ్యాక్టరీల తనిఖీ అధికారులకు తెలియజేయాల్సిన వ్యాధి ఇది. ఎవరి దయా కాదు.

పరీక్షలో పేరు తేలాక సూపర్‌వైజర్‌తో ‘నాకు గార్మెంట్స్ పడదు’ అనకండి. ఆ మాటకు దొరికే జవాబు ‘అయితే మానేయ్’ అనే. ఫలానా పదార్థం పడదు, ఫలానా మార్పు కావాలి అని చెప్పండి. నికెల్ అయితే ఉద్యోగం మారక్కరలేదు, ప్లాస్టిక్ పిడి కత్తెర ఇప్పించుకుని, ట్రిమ్మర్‌కు నూలుగుడ్డ పట్టీ చుట్టుకుంటే చాలామంది అదే కుర్చీలో కొనసాగుతారు. డిస్పర్స్ రంగులైతే నూలు టీషర్టుల లైన్‌కు మార్చమనాలి. రబ్బరు రసాయనాలైతే ఎలాస్టిక్ మెషీన్ వదిలి, వినైల్ గ్లవుజులు అడగాలి. ఫార్మాల్డిహైడ్ అన్నిటికంటే చిక్కు. ఇస్త్రీ నుంచి తప్పుకోవడమే కాదు, ముడతలు పడని రకాలు నడుస్తున్న లైన్‌కు, ప్యాకింగ్‌కు కూడా వద్దని రాతపూర్వకంగా అడగండి. అర్జీకి రిపోర్టు జిరాక్స్ జతచేసి, ఒక ప్రతి మీద హెచ్‌ఆర్‌లో అందినట్టు సంతకం, తేదీ వేయించుకుని ఇంట్లో పెట్టుకోండి. రెండో ప్రతి క్లినిక్కులో ఇస్తే రిజిస్టర్‌లో మీ పేరు పక్కన అతికిస్తాను.